కొనేవాళ్లెవరు?

ఇంటి పట్టున ఉంటూ నాలుగు రూపాయలు సంపాదించుకోవాలనుకోవడం అత్యాశ కాదు. చంటిబిడ్డను వదిలి కదల్లేని తల్లి, మంచాన పడ్డ అత్తగారిని చూసుకుంటున్న కోడలు, పింఛను మందులకే సరిపోతున్న రిటైర్డ్ ఉద్యోగి, రోజూ పట్నం వెళ్లివచ్చే వీల్లేని డిగ్రీ అమ్మాయి... వీళ్లందరికీ అది అవసరం. ఫోను, ఇంటర్నెట్ వచ్చాక ఆ అవసరం తీరే దారులు నిజంగానే పెరిగాయి. ఆత్రేయపురం పూతరేకులు సముద్రాలు దాటుతున్నాయి. మంగళగిరి చీరను వాట్సాప్‌లో ఫొటో చూసి బెంగళూరులో కొంటున్నారు. అపార్ట్‌మెంట్‌లో కూర్చుని లెక్కలు చెప్పే టీచరుకు దుబాయ్‌లోని తెలుగు పిల్లలు శిష్యులవుతున్నారు.

అదే దారిలో మాటువేసేవాళ్లూ పెరిగారు. "ఇంటి నుంచే రోజుకు 3 వేలు", "చదువు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు", "గృహిణులకు సువర్ణావకాశం". వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, పొద్దున్నే పేపరు మధ్యలోంచి జారిపడే కరపత్రంలో, కరెంటు స్తంభానికి అంటించిన కాగితం మీద ఇవే మాటలు. నమ్మి పోగొట్టుకున్నవాళ్లను చూసి "ఆశకు పోయారు" అనేస్తుంటాం. నేను ఆ మాట ఒప్పుకోను. వాళ్లు వెళ్లింది పని వెతుక్కుంటూ. పనిచేసి సంపాదించాలన్న మంచి గుణాన్నే మోసగాళ్లు పట్టుకున్నారు. తప్పు వాళ్లది.

ఈ అధ్యాయం ముగిసేసరికి మీ చేతిలో ఒక్క ప్రశ్న ఉండాలి. ఏ అవకాశం ఎదురొచ్చినా ముందు అడగాల్సింది అదే: ఇక్కడ చివరికి కొనేవాళ్లెవరు? ఎవరో ఒకరు ఒక వస్తువుకో సేవకో తమ జేబులోంచి డబ్బు తీసి ఇస్తేనే ఎవరికైనా ఆదాయం పుడుతుంది. ఆ మనిషి ఎవరో, ఏం కొంటున్నాడో, ఎందుకు అంత ధర ఇస్తాడో మీకు కనిపించాలి. వెతగ్గా వెతగ్గా డబ్బు పెడుతున్న మనిషిగా మీరు ఒక్కరే కనిపిస్తే అక్కడ పని లేదు, వ్యాపారం లేదు. మిమ్మల్ని మోసం నుంచి కాపాడే ప్రశ్న ఇదే. రేపు మీ సొంత వ్యాపారాన్ని నిలబెట్టే ప్రశ్న కూడా ఇదే.

లైకు కొట్టే ఉద్యోగం

మొదట ఒక మెసేజ్ వస్తుంది. ఫలానా కంపెనీ హెచ్‌ఆర్‌ని, పార్ట్‌టైమ్ పని ఉంది, యూట్యూబ్ వీడియోకు లైక్ కొట్టి స్క్రీన్‌షాట్ పంపితే 50 రూపాయలు. మూడు వీడియోలకు కొడతారు. నిజంగానే 150 రూపాయలు ఖాతాలో పడతాయి. మన అనుమానం సగం చచ్చేది అక్కడే.

తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేరుస్తారు. అక్కడ వందమంది ఉన్నట్టుంటుంది. "నాకు 5 వేలు వచ్చాయి మేడమ్", "థాంక్యూ సార్, 18 వేలు డ్రా చేసుకున్నా" అంటూ గంటగంటకూ స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. వాళ్లలో చాలామంది మోసగాళ్ల ముఠా మనుషులే. ఇక లైకులతో పాటు "ప్రీపెయిడ్ టాస్క్" మొదలవుతుంది. వెయ్యి కడితే 1300 వెనక్కి ఇస్తారు, అదీ నిజంగానే వస్తుంది. 5 వేలు కడితే వెబ్‌సైట్‌లో మీ పేరుమీద 7 వేలు కనిపిస్తాయి గానీ తీసుకోబోతే "ఇంకో రెండు టాస్క్‌లు పూర్తిచేస్తేనే విత్‌డ్రా" అంటారు. ఆ రెండింటికీ 30 వేలు, 80 వేలు. "మీరు ఆపేస్తే గ్రూపులో మిగతా నలుగురి డబ్బు కూడా ఆగిపోతుంది" అని ఒత్తిడి పెడతారు. చివర్లో ఆ డబ్బు విడిపించడానికి "ట్యాక్స్" కట్టమంటారు. పోయింది రాబట్టుకోవాలన్న తపనే మనచేత ఇంకా కట్టిస్తుంది.

2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఒక కేసు ఇలాంటిదే. టెలిగ్రామ్‌లో వచ్చిన రేటింగ్, రివ్యూ పనిని నమ్మి లక్షలు పోగొట్టుకున్న ఒక నగరవాసి ఫిర్యాదుతో తీగ లాగితే, దేశవ్యాప్తంగా సుమారు 15 వేల మంది దగ్గర దాదాపు 712 కోట్ల రూపాయలు కొల్లగొట్టిన ముఠా గుట్టు బయటపడింది. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఇలాంటి పెట్టుబడి, పార్ట్‌టైమ్ ఉద్యోగ మోసాలు చేస్తున్న 100కు పైగా వెబ్‌సైట్లను నిలిపివేయించింది. వెబ్‌సైట్లు పోయినా పద్ధతి పోలేదు. పేర్లు మారుతూ నేటికీ నడుస్తోంది.

మన ప్రశ్న వేసి చూడండి. నేను కొట్టే లైకుకు 50 రూపాయలు ఇచ్చి కొనేవాళ్లెవరు? వీడియో పెట్టినవాడికి ఒక్క లైకు వల్ల 50 పైసల లాభం కూడా ఉండదు. మరి ఆ 150 రూపాయలు ఎందుకిచ్చారు? రేపు మీరు కట్టబోయే లక్ష కోసం.

డేటా ఎంట్రీ, ఆ వెనకే లాయర్ నోటీసు

ఇందులో ముందు డబ్బు అడగకపోవచ్చు. అందుకే చదువుకున్నవాళ్లు ఎక్కువగా పడతారు. ఆరు రోజుల్లో ఇన్ని ఫారాలు టైప్ చేయాలి, 90 శాతం తప్పుల్లేకుండా ఉంటే జీతం అంటూ ఆన్‌లైన్‌లో ఒక అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించుకుంటారు. ఆధార్, పాన్ కాపీలు తీసుకుంటారు. రాత్రింబవళ్లు కూర్చుని పూర్తిచేసి ఇస్తే "మీ అక్యురసీ 80 శాతమే" అంటారు. మీరు ఎంత బాగా చేసినా అంతే. మర్నాడు "అడ్వొకేట్"నంటూ ఒకడు ఫోన్ చేస్తాడు. కంపెనీకి నష్టం చేశారు, కోర్టులో కేసు వేశాం, సాయంత్రంలోగా 6 వేలు కట్టకపోతే పోలీసులు ఇంటికొస్తారు అంటాడు. అశోకస్తంభం బొమ్మతో, గుండ్రటి స్టాంపుతో ఒక నోటీసు వాట్సాప్‌లో దిగుతుంది.

భయపడకండి. ఒప్పుకున్న పని సరిగా చేయలేదన్నది, నిజమే అయినా, సివిల్ వివాదం. దానికి అరెస్టులు ఉండవు. లాయర్ పంపే నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. పైసా కట్టకండి. ఒక్కసారి కడితే భయపడే మనిషని తెలిసిపోయి మళ్లీ మళ్లీ అడుగుతారు. చాటింగ్, నోటీసు, ఫోన్ నంబర్లు భద్రపరిచి సైబర్ క్రైమ్‌కు ఫిర్యాదు చేయండి. ఇంట్లోవాళ్లకు ఆ రోజే చెప్పండి. భర్తకో నాన్నకో తెలుస్తుందన్న భయమే ఈ మోసానికి పెట్టుబడి.

పెన్సిళ్ల ప్యాకింగ్, పెన్నుల ప్యాకింగ్ పేరుతో వచ్చేవి దీనికి చిన్న తమ్ముళ్లు. పేరున్న కంపెనీ బొమ్మ పెట్టి, రిజిస్ట్రేషన్‌కు కొన్ని వందలు కట్టమంటారు. కట్టాక ఐడీ కార్డు ఫీజు, సరుకు కొరియర్ చార్జీ, "తిరిగి ఇచ్చేసే" డిపాజిట్ వరసగా వస్తాయి. ఫ్యాక్టరీలో పెన్సిళ్లను పెట్టెల్లో సర్దేది యంత్రాలే. నెలకు 30 వేలిచ్చి మీ ఇంటికి లారీలో పెన్సిళ్లు పంపాల్సిన అవసరం ఏ కంపెనీకీ లేదు. ఉద్యోగమంటే వాళ్లు మీకివ్వాలి. మీరు వాళ్లకు కట్టేది ఉద్యోగం కాదు.

మిషన్ మీరు కొనండి, సరుకు మేం కొంటాం

ఆన్‌లైన్ ప్రకటనతో మొదలై ఆఫీసులో ముగిసే మోసం ఇది. దీపం వత్తులు, అగరుబత్తీలు, కర్పూరం, పేపర్ ప్లేట్లు, ఏదైనా కావచ్చు. మంచి ఆఫీసు ఉంటుంది. మిషన్ ఆడించి చూపిస్తారు. నోటరీ చేయించిన బాండు పేపరు ఇస్తారు. అందుకే నమ్మకం కుదురుతుంది, నగలు తాకట్టుపెట్టి మరీ కొంటారు.

వత్తుల మిషన్ సంగతే చూద్దాం. లెక్క అర్థం కావడానికి అంకెలు వేసుకుందాం. మిషన్ లక్షన్నర. పత్తి కిలో 300కు వాళ్లే ఇస్తారు, చేసిన వత్తులు కిలో 600కు వాళ్లే కొంటారు. రోజుకు 5 కిలోలు చేస్తే 1500 మిగులు, నాలుగు నెలలు తిరక్కుండా మిషన్ డబ్బు వచ్చేస్తుంది. మొదటి రెండు నెలలు చెప్పినట్టే కొంటారు కూడా. మీరు వెళ్లి మీ చెల్లెలికి, పక్కింటావిడకు చెబుతారు. వాళ్లూ మిషన్లు కొంటారు. మీ వత్తులకు ఇచ్చింది వాళ్ల మిషన్ డబ్బే. కొత్తగా కొనేవాళ్లు తగ్గగానే "క్వాలిటీ లేదు", "గోడౌన్ నిండిపోయింది, వచ్చే నెల తెండి" అనడం మొదలవుతుంది. ఆ తర్వాత ఆఫీసుకు తాళం.

దీన్ని పట్టుకోవడానికి లాయరు అక్కర్లేదు. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్‌కు, మీ ఊళ్లో అయితే పూజసామగ్రి హోల్‌సేల్ కొట్టుకు వెళ్లండి. "నేను వత్తులు చేసి తెస్తే కిలో ఎంతకు తీసుకుంటారు?" అని మూడు కొట్లలో అడగండి. వాళ్లు చెప్పే ధర కంపెనీ ఇస్తానన్న ధరలో సగం కూడా లేకపోతే, ఆ కంపెనీ నష్టానికి ఎందుకు కొంటోంది? కొన్న వత్తుల్ని ఎవరికి అమ్ముతోంది? జవాబు లేని చోట మీ నగలు పెట్టకండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. అదే మిషన్ బయట మార్కెట్‌లో ఎంతకు దొరుకుతుందో కనుక్కోండి. రెండింతలు, మూడింతలు తేడా ఉంటే వాళ్ల వ్యాపారం వత్తులు కాదని తేలిపోతుంది.

గొలుసుకట్టు స్కీములదీ ఇదే తీరు. వస్తువు పేరుకే ఉంటుంది, ఆదాయమంతా మనుషుల్ని చేర్చడంలోనే ఉంటుంది. ఇలాంటి మనీ సర్క్యులేషన్ స్కీములను 1978 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. నడపడమే కాదు, సభ్యులుగా చేరడం కూడా ఆ చట్టం కింద నిషిద్ధం. డైరెక్ట్ సెల్లింగ్ పేరుతో పిరమిడ్ స్కీములు నడపకూడదని 2021 నిబంధనలు మరోసారి తేల్చిచెప్పాయి. వీటిలో చేరితే మీ డబ్బుతో పాటు మీ బంధువుల డబ్బూ పోతుంది. ఏళ్లు గడిచినా ఆ ముఖాలు చూడలేని పరిస్థితి మిగులుతుంది.

ఖాతా అద్దెకివ్వడం

దీనిగురించి విడిగా చెప్పాలి. ఇందులో మీరు బాధితులుగా కాక నిందితులుగా మిగిలిపోతారు. "మా కంపెనీ పేమెంట్లు మీ ఖాతాలోకి వస్తాయి, వాటిని మేం చెప్పిన ఖాతాకు పంపితే 2 శాతం కమీషన్" అంటారు. లేదా కొత్త ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేస్తే 10 వేలంటారు. డిగ్రీ పిల్లలు ఎక్కువగా ఇందులో పడుతున్నారు. ఆ వచ్చే డబ్బు ఇంకెక్కడో టాస్క్‌లకు డబ్బు కట్టి ఏడుస్తున్న మనిషిది. ఆ మనిషి ఫిర్యాదు చేస్తే పోలీసులు ముందు వెతుక్కుంటూ వచ్చేది మీ గడపకే. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, కేసు పడుతుంది. పాస్‌పోర్టు, ఉద్యోగం, అన్నీ చిక్కుల్లో పడతాయి. ఎంతిస్తామన్నా మీ ఖాతా, సిమ్, ఏటీఎం కార్డు ఇంకొకరి చేతికి ఇవ్వొద్దు. ఈ ఒక్క పేజీ అయినా ఇంట్లో కాలేజీ పిల్లల చేత చదివించండి.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో

వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది దేశమంతటికీ ఒకే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. మీరు పంపిన డబ్బు ఒక ఖాతాలో ఆగదు. నిమిషాల్లో రెండో ఖాతాకు, మూడో ఖాతాకు మారుతూ చివరికి ఏటీఎంలో నోట్లుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. 1930లో వివరాలు నమోదైతే ఆ దారిలో ఉన్న బ్యాంకులకు సమాచారం వెళ్లి, ఇంకా కదలని సొమ్మును అక్కడే ఆపేస్తారు. గంటలో చెప్పినవాళ్లకు ఉన్న ఆశ వారం తర్వాత చెప్పినవాళ్లకు ఉండదు. లైన్ దొరక్కపోతే ప్రయత్నిస్తూనే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్, సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మీ బ్యాంకుకూ చెప్పండి.

చేతిలో ఉండాల్సినవి: ఏ ఖాతా నుంచి ఎంత పోయింది, ఏ తేదీన, ఏ సమయంలో, యూపీఐ అయితే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ) నంబరు, అవతలి యూపీఐ ఐడీ లేదా ఖాతా నంబరు. సిగ్గేసి చాటింగ్ డిలీట్ చేయకండి, అదే సాక్ష్యం. తర్వాత కొన్నాళ్లకు "మీ పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు 5 వేలు" అని ఒకడు వస్తాడు. వాడూ మోసగాడే.

ఇంట్లో ఎవరైనా మోసపోతే ముందు 1930కి ఫోన్ చేయించండి, మందలింపులు తర్వాత. తిడతారన్న భయంతో దాచిపెట్టిన ఆ రెండు రోజుల్లోనే డబ్బు చేజారిపోతుంది. డబ్బు పోయాక మనిషినీ పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆ మనిషి పక్కన కూర్చోవడం మీ బాధ్యత.

ఇక మీ వ్యాపారం

ఇప్పుడు అదే ప్రశ్నను మనవైపు తిప్పుకుందాం. నేను చేసేది కొనేవాళ్లెవరు? "అందరూ" అన్నది జవాబు కాదు. కిలో ఆవకాయ పెట్టుకునే తీరికలేని హైటెక్ సిటీ జంట, వెల్లుల్లి తినని ఇంట్లో పెద్దావిడ, హాస్టల్‌లో కొడుకు ఉన్న తల్లి... ఒక్కో మనిషి ముఖం కనిపించాలి. ఎవరికి ఎంత సీసా కావాలో, కారం ఎంత ఉండాలో ఆ ముఖమే చెబుతుంది. హాస్టల్ కుర్రాడికి పావుకిలో ప్యాకెట్లు నాలుగు కావాలి. కిలో జాడీ పంపితే గదిలో నలుగురు చెంచాలు పెట్టి వారంలో బూజు పట్టిస్తారు.

మొదట బంధువులకు కాకుండా బయటివాళ్లకు పదిమందికి అమ్మండి. పెద్దమ్మ మొహమాటానికి కొంటుంది, పిన్ని బాగుందనే అంటుంది. తెలియని మనిషి డబ్బిచ్చి కొని, రెండోసారి తనంతట తనే అడిగితే అప్పుడు మీకొక వ్యాపారం ఉన్నట్టు. అప్పటిదాకా పెద్ద గిన్నెలు, ప్యాకింగ్ మిషన్, లోగో, వెబ్‌సైట్, ఏవీ వద్దు. అప్పు అసలే వద్దు.

పచ్చడి బాగా కుదరడం వేరు, అది కొరియర్‌లో బాగా చేరడం వేరు. కలిపిన రోజునే సీసాలో పెడితే ముక్క ఇంకా ఊట వదులుతూ ఉంటుంది, దారిలో నూనె పొంగి పెట్టె తడుస్తుంది. మూడో రోజు తిరగకలిపి, నూనె పైకి తేలాక, ఉప్పు చూసుకుని సీసాకెత్తాలి. మెడ దాకా నింపకుండా వేలెడు ఖాళీ వదలాలి. సీల్ వేసి, మూత చుట్టూ టేపు, సీసాకు పాలిథిన్ కవరు, దానిపైన బబుల్ షీటు, ఆపైన అట్టపెట్టె. పంపే ముందు సీసాను తలకిందులుగా ఒక రాత్రి కాగితం మీద ఉంచండి. కాగితం మీద నూనె మరక పడితే ఆ సీసా ప్రయాణానికి పనికిరాదు. ఒక్క కారిన పార్శిల్ ఖర్చు పది మంచి పార్శిళ్ల లాభాన్ని తినేస్తుంది.

ధర కట్టడం

మన ఆడవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. మామిడికాయ, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, వెల్లుల్లి కలిపి కిలోకు 230 అయిందనుకుందాం. సీసా, సీలు, లేబులు, పెట్టెకు 50. పగిలినవి, కారినవి, రుచి చూపించినవి కలిపి కిలోకు 20. మొత్తం 300. "400కు అమ్మితే వంద లాభం" అనుకుంటారు. కాయలు కడిగి, తుడిచి, కొట్టి, జీడి తీసి, కలిపి, సీసాకెత్తిన కూలి ఏది? ఇద్దరు ఒకరోజు కష్టపడితే పది కిలోలు తేలిందనుకోండి. మనిషికి 600 చొప్పున 1200, అంటే కిలోకు 120. అసలు ఖర్చు 420. 400కు అమ్మిన ప్రతి కిలోకూ మీరు 20 రూపాయలు ఎదురిస్తున్నారు. చేతిలో డబ్బు ఆడుతున్నట్టే ఉంటుంది, అది మీ కూలిలో కొంత భాగం మాత్రమే. మీ కూలిని ఖర్చులో రాయండి. ఆపైన లాభం కలిపి ధర చెప్పండి. "అంతా?" అన్నవాళ్లతో తగువు వద్దు, వాళ్లు మీ కొనుగోలుదారులు కారు.

కొరియర్ చార్జీ విడిగా చూపండి. కిలో పచ్చడి పెట్టె తూకం కిలో దాటుతుంది. చాలా కొరియర్లు అరకిలో చొప్పున లెక్కగడతాయి కాబట్టి బిల్లు కిలోన్నరకు పడుతుంది. ఇది తెలియక "ఫ్రీ డెలివరీ" అని పెట్టినవాళ్లు నెల తిరిగేసరికి చేతులు కాల్చుకుంటారు.

వ్యాపారానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా పెట్టుకోండి. ఒక నోటుబుక్కులో రోజూ రాబడి, ఖర్చు, బాకీ రాయండి. ఇంటి పప్పుఉప్పులు, వ్యాపారం నూనెడబ్బా ఒకే పర్సులోంచి వెళ్తుంటే లాభమో నష్టమో మీకు ఎప్పటికీ తెలియదు.

కాగితాలు

చిన్న వ్యాపారమైనా కొన్ని కాగితాలు ఉండాలి. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి ఉంది, ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు, పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే అదే పేరుతో వేలు వసూలు చేసే సైట్లు ముందు వస్తాయి. చిరునామా చివర జీవోవీ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. తినే వస్తువు ఏది అమ్మినా, వంటింట్లో చేసినా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు తప్పనిసరి. చిన్నవాళ్లకు ఫీజు నామమాత్రమే. 14 అంకెల నంబరు వస్తుంది, దాన్ని లేబుల్ మీద వేయాలి. లేబుల్ మీద మీ పేరు, చిరునామా, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, ఎన్నాళ్లలోగా వాడాలి, ఏమేం కలిపారు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి.

జీఎస్టీ విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సరుకులు అమ్మేవాళ్లకు ఏటా టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయితే ఇది సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్లకే. పక్క రాష్ట్రానికి సరుకు పంపి అమ్మితే, కొన్ని హస్తకళల వస్తువులకు మినహాయింపు తప్ప, టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ కావాలి. ఆన్‌లైన్ మార్కెట్ సైట్లలో అమ్మే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు నుంచి సొంత రాష్ట్రం వరకు వెసులుబాటు ఇచ్చారు. బెంగళూరుకు పార్శిళ్లు మొదలుపెట్టే ముందు ఒక అకౌంటెంట్‌తో అరగంట కూర్చోండి.

అప్పు నిజంగా అవసరమైతే బ్యాంకుకు స్వయంగా వెళ్లండి. ముద్రా రుణంలో శిశు విభాగం కింద 50 వేల దాకా ఇస్తారు. ఆ రుణం బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలే ఇస్తాయి. "మీకు ముద్రా లోన్ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని వాట్సాప్‌లో వచ్చే ఉత్తరం దొంగది. పని నేర్చుకోవాలంటే జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచితంగా నేర్పుతారు. హైదరాబాద్‌లో మహిళా వ్యాపారుల కోసం 2018లో మొదలైన వీ హబ్ ఉంది. అడిగితే దారి చూపేవాళ్లు ఉన్నారు.

అమ్మేవాళ్లకు వేసే వలలు

మీ నంబరు నలుగురికీ తెలిశాక ఇంకోరకం ఫోన్లు మొదలవుతాయి. "నమస్తే మేడమ్, ఆర్మీ కంటోన్మెంట్ సే బోల్ రహా హూఁ" అంటూ హిందీలో మర్యాదగా మాట్లాడతాడు. యూనిఫామ్ ఫొటో, ఐడీ కార్డు పంపుతాడు. జవాన్లకు 20 కిలోల పచ్చడి కావాలంటాడు, బేరం ఆడడు. తూకం వేసి ప్యాక్ చేశాక "మా పేమెంట్ పద్ధతి వేరు, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు వస్తుంది" అంటాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు వెళ్తోందని అర్థం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఎంత పెద్ద ఆర్డర్ వచ్చినా కంగారుండదు.

రుచి చూడకుండా, బేరం ఆడకుండా, తెలియని ఊరినుంచి మొదటి ఆర్డరే 20 కిలోలు ఇచ్చే మనిషి నిజంగా పచ్చడి కోసమే వచ్చాడా? ఇక్కడా మన ప్రశ్న పనికొస్తుంది. పెద్ద ఆర్డర్‌కు సగం అడ్వాన్సు మీ ఖాతాలో పడ్డాకే పొయ్యి వెలిగించండి.

పేమెంట్ స్క్రీన్‌షాట్ పంపినంత మాత్రాన సరుకు కదపకండి. ఎస్సెమ్మెస్ వచ్చినా నమ్మకండి, బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూడండి. "పొరపాటున 500 బదులు 5 వేలు పంపాను, మిగతాది వెనక్కి పంపండి" అంటే తొందరపడొద్దు, నిజంగా వచ్చిందేమో ముందు చూసుకోండి. కొరియర్ పేరుతోనో పెళ్లి శుభలేఖ పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్‌ను ఎక్కించే ఫైలు) తెరవకండి. ఫోన్ మొత్తం వాళ్ల చేతిలోకి పోతుంది.

చీరలు, బట్టలు అమ్మేవాళ్లకు రిటర్నుల బెడద ఎక్కువ. క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా తిప్పి పంపితే కొరియర్ ఖర్చు సాధారణంగా మీ మీదే పడుతుంది. కొత్తవాళ్లకు ముందే డబ్బు కట్టే పద్ధతి పెట్టండి. ప్యాక్ చేసేటప్పుడు చీర కొంగు, అంచు, బిల్లు కనిపించేలా చిన్న వీడియో తీసుకోండి. పార్శిల్ విప్పిన వీడియో ఉంటేనే రిటర్ను తీసుకుంటామని ముందే రాయండి. ఇవి కాఠిన్యం కాదు, వ్యాపార మర్యాదలు. నిజాయతీగా కొనేవాళ్లెవరూ వీటికి నొచ్చుకోరు.

ఈ వారం చేయాల్సినవి

ఒకటి: ఇప్పుడు మీ ఫోన్లో ఉన్న "అవకాశాల" మెసేజ్‌లన్నీ తీయండి. ఒక్కోదాని ఎదుట "కొనేవాళ్లెవరు?" అని రాసి జవాబు రాయండి. జవాబు రాని వాటిని బ్లాక్ చేయండి.

రెండు: 1930 నంబరును మీ ఫోన్లోనూ, ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలోనూ సేవ్ చేయండి.

మూడు: మీరు బాగా చేయగల పని ఒకటి ఎంచుకోండి. పచ్చడి, జాకెట్ల మీద మగ్గం వర్కు, పదో తరగతి లెక్కలు, డీటీపీ, ఏదైనా సరే. దాన్ని డబ్బిచ్చి కొనగల ముగ్గురి పేర్లు రాయండి. బంధువులు వద్దు.

నాలుగు: మీ కూలితో సహా దాని ఖర్చు లెక్క కట్టండి.

ఐదు: ఆ ముగ్గురిలో ఒకరికి ఫోన్ చేసి ధర చెప్పండి. వాళ్లు వద్దంటే ఎందుకో అడిగి తెలుసుకోండి. సరేనంటే పని మొదలుపెట్టండి. వాళ్లిచ్చే మొదటి 300 రూపాయలు ఏ టెలిగ్రామ్ గ్రూపూ చూపించే 3 లక్షల కన్నా పెద్ద మొత్తం. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో మీకు తెలుసు. మీ పని నచ్చితే వాళ్లు మళ్లీ వస్తారు.